బుర్ర మధ్యలో, కాళ్లు అంచుల్లో

2025 ఫిబ్రవరి 9, న్యూ ఆర్లియన్స్. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్ అయిన సూపర్‌బౌల్‌లో రెండో క్వార్టర్, అంటే రెండో పావుభాగం, నడుస్తోంది. కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టులో బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ విసిరిన బంతిని ఫిలడెల్ఫియా ఈగిల్స్ కుర్రాడు కూపర్ డిజీన్ దారిలోనే అందుకుని, 38 గజాలు పరుగెత్తి చివరి గీత దాటించి టచ్‌డౌన్ కొట్టాడు. ఆ రోజు అతని 22వ పుట్టినరోజు కూడా. స్కోరు 17-0 అయింది. మ్యాచ్ దాదాపు అక్కడే తేలిపోయింది.

కొత్తగా చూసేవాళ్లకు అదొక మంచి క్యాచ్, అంతే. ఈ ఆటను ముప్ఫై నలభై ఏళ్లుగా చూస్తున్నవాళ్లకు మాత్రం ఫోటో నెగెటివ్ చూసినట్టు అనిపించి ఉంటుంది. బంతి విసిరింది నల్లజాతి క్వార్టర్‌బ్యాక్, లాక్కున్నది అంచున వెంటాడి ఆపే తెల్లజాతి కార్నర్‌బ్యాక్. (మహోమ్స్ తల్లి తెల్లజాతి, తండ్రి నల్లజాతి. అమెరికాలో అతన్ని నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌గానే లెక్కేస్తారు.) అవతలి జట్టు క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ కూడా నల్లజాతివాడే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దశాబ్దాల పాటు బొమ్మ దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది. ఆలోచించి విసిరేవాడు తెల్లవాడు, పరుగెత్తేవాడూ వెంటాడేవాడూ నల్లవాడు. ఇలా ఉండాలని ఏ రూల్ బుక్‌లోనూ లేదు. అయినా అందరికీ తెలిసిన రూలే.

మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాబట్టి ఈ ఆట సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒక్కో జట్టు నుంచి 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు ముందుకు వెళ్లాలి, లేని జట్టు ఆపాలి. క్రికెట్‌లో బౌలరు కూడా చివరికి బ్యాట్ పట్టుకుని దిగాల్సిందే. ఇక్కడ అలా కాదు. బంతి విసిరేవాడు విసరడానికే, తన్నేవాడు తన్నడానికే, అడ్డం నిలబడేవాడు అడ్డం నిలబడటానికే. ఇంత కచ్చితంగా పని పంచిన ఆట మరొకటి దొరకడం కష్టం. పని పంచాలంటే ఎవరు దేనికి పనికొస్తారో ఎవరో ఒకరు తేల్చాలి కదా. అసలు గొడవంతా ఆ తేల్చడంలోనే ఉంది.

వరస మధ్యలో సెంటర్ ఉంటాడు. వంగి, కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు. ఎదుటి జట్టు ఎలా మోహరించిందో చూసి, ఎవరు ఎవర్ని ఆపాలో పక్కవాళ్లకు కేకేసి చెప్పేది కూడా అతనే. అతని వెనకే క్వార్టర్‌బ్యాక్. 1994 నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న స్పీకర్ ఉంటోంది, కోచ్ నేరుగా అతని చెవిలో మాట్లాడతాడు. ఆట మొదలుపెట్టాల్సిన గడువు చూపే ప్లే గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి ఆ మాట తెగిపోతుంది. ఇక అతని కళ్లు, అతని బుర్ర. ఆపే జట్టులో, అంటే డిఫెన్స్‌లో, ఇలాంటి పెత్తనం మిడిల్ లైన్‌బ్యాకర్‌ది. అంచుల్లో విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్లు, వాళ్లను నీడలా వెంటాడే కార్నర్‌బ్యాక్‌లు ఉంటారు. వీళ్ల పని ప్రధానంగా వేగం మీద నడుస్తుంది.

1970లో జాన్ లోయ్, జోసెఫ్ మెకెల్వోగ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు బేస్‌బాల్, ఫుట్‌బాల్ జట్ల జాబితాలు ముందేసుకుని ఎవరు ఎక్కడ ఆడుతున్నారో లెక్కపెట్టారు. ఫుట్‌బాల్‌లో సెంటర్, అతని పక్కనుండే గార్డ్, క్వార్టర్‌బ్యాక్ లాంటి నడిమి స్థానాల్లో నల్లజాతి ఆటగాళ్లు కనిపించడమే అరుదు. అంచుల్లో మాత్రం నిండుగా ఉన్నారు. ఈ తంతుకు స్టాకింగ్ అని పేరు. ఒకదాని మీద ఒకటి పేర్చడం అన్నమాట. రైలుకి పది బోగీలున్నా ఒక వర్గం వాళ్లందర్నీ రెండు బోగీల్లోకే తోస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రైలెక్కనివ్వలేదని ఎవరూ అనలేరు. కానీ ఆ రెండు బోగీల్లో సీటు కోసం తోసుకునేది వాళ్లలో వాళ్లే. మిగతా ఎనిమిదింటిలో కూర్చున్నవాళ్లకు ఆ తోపులాట తాకనే తాకదు. జట్టులో సగం మంది నల్లజాతివాళ్లే కదా, ఇంకా వివక్ష ఎక్కడుంది అనే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

దీనికి ముందు కథ ఇంకా ముతకగా ఉండేది. 1920లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు ఫ్రిట్జ్ పొలార్డ్ లాంటి నల్లజాతి ఆటగాడు ఆక్రన్ జట్టుతో టైటిల్ గెలిచాడు, మరుసటేడు ఆ జట్టు కోచింగ్ కూడా చూశాడు. తర్వాత 1934 నుంచి 1945 దాకా లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. రాతపూర్వక ఒప్పందమేదీ బయటపడలేదు, తలుపు మాత్రం మూసేశారు. 1946లో లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు ప్రజల సొమ్ముతో కట్టిన స్టేడియంలో ఆడాలనుకుంది కాబట్టి, నల్లజాతి పత్రికలు పట్టుబట్టాయి కాబట్టి కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్‌లను తీసుకుంది. వాషింగ్టన్ నగర జట్టు యజమాని అయితే 1962 దాకా మొండికేశాడు. కొత్త స్టేడియం ఫెడరల్ ప్రభుత్వ స్థలంలో ఉంది, ఆడనివ్వం అని కెనెడీ ప్రభుత్వం హెచ్చరించాక గానీ దిగిరాలేదు. ఆ తర్వాత బయటి తలుపు తెరిచే ఉంది. లోపలి గదులకే తాళాలు పడ్డాయి.

ఆ లోపలి తాళం ఎలా పనిచేసేదో మార్లిన్ బ్రిస్కో కథలో తెలుస్తుంది. నెబ్రాస్కాలోని ఒమాహా యూనివర్సిటీలో అతను క్వార్టర్‌బ్యాక్. 1968లో, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, డెన్వర్ బ్రాంకోస్ అతన్ని 14వ రౌండ్‌లో ఎంచుకుంది, అదీ కార్నర్‌బ్యాక్‌గా. ఏజెంట్ లేడు. తన బేరం తనే ఆడుకుని ఒక షరతు పెట్టాడు: మూడు రోజులు క్వార్టర్‌బ్యాక్‌గా నన్ను పరీక్షించండి, అదీ జనం, విలేఖరులు చూసే ప్రాక్టీసులో. ఈ షరతులో ఎంత లోకజ్ఞానం ఉందో చూడండి. నాలుగు గోడల మధ్య పరీక్ష పెడితే ఫలితం ఏమని చెప్పినా అడిగేవాళ్లుండరని అతనికి తెలుసు. పరీక్షయితే పెట్టారు, తర్వాత కార్నర్‌బ్యాక్‌గానే పంపారు. సీజన్ మొదలయ్యాక అసలు క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు, మిగతావాళ్లు తడబడ్డారు. చేసేదిలేక సెప్టెంబర్ 29న బ్రిస్కోను దించారు. అక్టోబర్ 6న మొదటి నుంచీ ఆడించారు. ఆధునిక యుగంలో అలా ఆరంభం నుంచి ఆడిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతనే. ఆ ఏడాది 14 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. 2024 దాకా కొత్తవాడికి అది జట్టు రికార్డు.

మరుసటి ఏడాది వేసవిలో డెన్వర్‌కి తిరిగొచ్చి చూస్తే, క్వార్టర్‌బ్యాక్‌ల సమావేశాలు అతను లేకుండానే జరిగిపోతున్నాయి. ఎవరూ పొమ్మనలేదు. కబురు పెట్టలేదు, అంతే. తనను వదిలేయమని అడిగి బఫలో వెళ్లాడు. అక్కడ వైడ్ రిసీవర్‌గా మారి, రెండో ఏడాదికల్లా 1,000 గజాలు దాటించాడు. తర్వాత 1972లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని మయామి జట్టులో ఆడాడు. క్వార్టర్‌బ్యాక్‌గా మాత్రం మళ్లీ దిగలేదు. గమ్మత్తు ఏమిటంటే, అతను రిసీవర్‌గా రాణించడం కూడా పాత నమ్మకానికే సాక్ష్యంగా పనికొచ్చింది: చూశారా, ఇతని అసలు చోటు ఇదే.

టోనీ డంజీ మిన్నెసోటా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్. 1977లో డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. పిట్స్‌బర్గ్ తీసుకుని, డిఫెన్స్‌లో వెనక కాపలా కాసే సేఫ్టీగా మార్చింది. 1978 జనవరిలో కాలేజీ జట్ల పెద్ద మ్యాచ్ రోజ్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన వారెన్ మూన్‌నూ ఎవరూ ఎంచుకోలేదు. మూన్ చోటు మారనని కెనడా వెళ్లిపోయాడు. ఎడ్మంటన్ జట్టుకు వరసగా అయిదుసార్లు కెనడా లీగ్ టైటిల్ గ్రే కప్ గెలిపించాక, 1984లో హ్యూస్టన్ పిలిచి మరీ తీసుకుంది. ఇప్పుడు అతను ఈ ఆట దిగ్గజాల జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. మారినవాళ్లు ఎందరో, కెనడాకి పోయే ఓపిక లేక మానేసినవాళ్లు ఎందరో, ఆ లెక్క ఎక్కడా ఉండదు.

1988 జనవరి 31న డగ్ విలియమ్స్ సూపర్‌బౌల్ గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. డెన్వర్ మొదట 10-0తో ముందుంది. రెండో క్వార్టర్ ఒక్కదానిలో విలియమ్స్ నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. ఆ పావుగంటలో అతని జట్టు వాషింగ్టన్ 35 పాయింట్లు చేసింది. చివరికి 42-10. ఆ మ్యాచ్‌కు సుమారు రెండు వారాల ముందే, ఒక టీవీ ఛానెల్‌లో ఫుట్‌బాల్ జోస్యాలు చెప్పే పెద్దమనిషి, నల్లజాతి క్రీడాకారులు బానిసత్వ కాలంలో యజమానులు చేసిన పెంపకం వల్లే ఇంత బలంగా ఉన్నారని వాగి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయన పొగుడుతున్నాననే అనుకున్నాడేమో.

పొగడ్త సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ వివక్ష తిట్టు రూపంలో కంటే మెచ్చుకోలు రూపంలోనే ఎక్కువ బతికింది. 1977లోనే పరిశోధకులు టీవీ వ్యాఖ్యాతల మాటలను పరిశీలించి, ఒకే స్థాయి ఆటగాళ్ల గురించి కూడా రంగును బట్టి మాట మారుతోందని చూపించారు. తెల్లజాతి ఆటగాడయితే ‘బుర్ర ఉన్నవాడు’, ‘కష్టజీవి’, ‘మైదానంలో ఇంకో కోచ్’. నల్లజాతి ఆటగాడయితే ‘సహజ ప్రతిభ’, ‘పుట్టుకతో వచ్చిన వేగం’. వినడానికి రెండూ పొగడ్తలే. కానీ సహజ ప్రతిభ అనగానే తెల్లారగట్ల లేచి చేసిన సాధన, రాత్రుళ్లు వీడియోలు చూసి ఎదుటి జట్టును చదివిన చదువు అన్నీ గాల్లో కలిసిపోతాయి. కష్టజీవి అనగానే మొదటివాడికి వేగం లేదని ముద్ర పడుతుంది. తెల్లజాతి ఆటగాడు వేగంగా పరుగెత్తితే ‘కనిపించేదానికంటే వేగం ఎక్కువ’ అంటారు. కనిపించేదేమిటి? చర్మమే కదా.

క్రికెట్ చూసేవాళ్లకు ఈ వాసన కొత్తది కాదు. దక్షిణాఫ్రికా జట్టులో నల్లజాతి ఆఫ్రికన్ అంటే ఫాస్ట్ బౌలర్ అనే అలవాటు చాలాకాలం నడిచింది. ఆ వర్గం నుంచి ఒక బ్యాట్స్‌మన్ ఆ దేశానికి టెస్టు సెంచరీ కొట్టడానికి 2016 జనవరిలో కేప్‌టౌన్‌లో టెంబా బవుమా రావాల్సి వచ్చింది.

ఇంతా విన్నాక కూడా, వేగంలో నిజంగానే తేడా ఉందేమో, ఒలింపిక్స్ వంద మీటర్ల పరుగు చూడండి అని అడిగేవాళ్లుంటారు. అడగదగ్గ ప్రశ్నే. నా జవాబు తేదీల్లో ఉంది. 1968లో బ్రిస్కో దిగిన నాటికి క్వార్టర్‌బ్యాక్ స్థానం దాదాపు పూర్తిగా తెల్లవాళ్లది. 2024 సీజన్ మొదటి వారంలో 32 జట్లలో 15 జట్లకు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లు ఆడారు. యాభై ఆరేళ్లలో ఏ జాతి మెదడూ మారదు. ఇటు వైపు కూడా అంతే. 1959 నుంచి 1972 దాకా డెట్రాయిట్‌కి ఆడిన డిక్ లెబో తెల్లజాతి కార్నర్‌బ్యాక్, 62 సార్లు బంతి లాక్కున్నాడు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. అప్పట్లో అలాంటివాళ్లు మామూలే. 2000ల మొదట్లో న్యూయార్క్ జెయింట్స్ జేసన్ సీహార్న్ తర్వాత ఆ స్థానంలో నిలకడగా ఆడే తెల్లవాళ్లు దాదాపు మాయమైపోయారు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ సంగతి చూస్తే, 1985లో క్రెయిగ్ జేమ్స్ సీజన్‌లో 1,000 గజాలు దాటాక, మళ్లీ ఒక తెల్లజాతి ఆటగాడు ఆ గీత దాటడానికి 25 ఏళ్లు పట్టింది. 2010లో క్లీవ్‌లాండ్‌కు ఆడిన పేటన్ హిలిస్ దాటాడు. తెల్లవాళ్ల కాళ్లలో బలం 1986లో పోయి 2010లో తిరిగి రాలేదు కదా.

మరి ఏం జరుగుతోంది? నాకు తోచినంతలో అసలు వడపోత ప్రొఫెషనల్ లీగ్‌లో జరగదు, పద్నాలుగేళ్ల వయసులో జరుగుతుంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మన తెలుగువాళ్లు ఎందరో ఉంటారు. డల్లాస్ కౌబాయ్స్ జట్టు కేంద్రం అక్కడే, ఆ ఊరి హైస్కూలు జట్లు కూడా ఆ ఇండోర్ స్టేడియంలో ఆడతాయి. ఆ రాష్ట్రంలో శుక్రవారం రాత్రి స్కూలు ఫుట్‌బాల్ అంటే మనకు జాతర లాంటిది. స్కూలు కోచ్ ముందు తొమ్మిదో తరగతి పిల్లలు వరసగా నిలబడతారు. గెలవాలి, ఉద్యోగం నిలబడాలి, టైమ్ లేదు. ఎవర్ని ఎక్కడ వేయాలో కంటిచూపుతో తేల్చేస్తాడు. ఆ కంటికి ముందే టీవీ చూపించిన బొమ్మ ఉంది. పిల్లలకూ అదే బొమ్మ ఉంది, తమలాంటి వాడు ఎక్కడ ఆడుతున్నాడో చూసి అక్కడికే వెళతారు. క్వార్టర్‌బ్యాక్ కావాలంటే ఈ మధ్య ప్రైవేటు కోచింగ్ ఒకటి, బంతి తన్నే కిక్కర్లకు వేసవి క్యాంపులు ఒకటి. ఇవన్నీ డబ్బుతో పని. పేదింటి పిల్లాడికి ఉచితంగా దొరికేది పరుగే. నాలుగేళ్ల తర్వాత కాలేజీ జట్టుకు ఆటగాళ్లను వెతికే స్కౌట్ వచ్చి చూస్తే ఆ వయసు కార్నర్‌బ్యాక్‌లంతా నల్లజాతి పిల్లలే. ఆ అంకె చూసి అతను అదే ప్రకృతి అనుకుంటాడు. కోడి ముందా గుడ్డు ముందా అంటే, ఇక్కడ గుడ్డు పెట్టిన కోడిని ఎవరూ వెతకరు.

అందుకే డిజీన్ కథ నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. అతను అయోవా రాష్ట్రంలో ఓడెబోల్ట్ అనే చిన్న ఊరివాడు. హైస్కూల్లో అతను క్వార్టర్‌బ్యాక్. డంజీ నడిచిన దారిలోనే నడిచాడు, కాకపోతే ఇతను కార్నర్‌బ్యాక్ కావడం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. డిజీన్ చదివిన అయోవా యూనివర్సిటీ నుంచే వచ్చిన తెల్లజాతి ఆటగాడు రైలీ మాస్ 2024లో డెన్వర్‌కి కార్నర్‌బ్యాక్‌గా దిగితే అతని వైపు తరచూ బంతులు వచ్చాయి. రెండో అంచున ఆ ఏడాది లీగ్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు పాట్రిక్ సర్టైన్ ఉన్నాడు, అటు విసిరే ధైర్యం ఎవరికుంటుంది? మాస్ రంగు చూసి విసిరారో, సర్టైన్‌కి జడిసి విసిరారో విడదీసి చెప్పడం కష్టం. ఈ విషయంలో చాలా సంగతులు ఇలాగే ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి.

క్వార్టర్‌బ్యాక్ గోడ కూలిందని చెప్పుకున్నాం. కూలాక అనుమానం పోయిందా అంటే, వేషం మార్చింది. 2016లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ గెలిచిన లమార్ జాక్సన్ 2018 డ్రాఫ్ట్‌కి వచ్చాడు. జట్లు కట్టడంలో చేయితిరిగిన బిల్ పోలియన్ టీవీలో ఇతను వైడ్ రిసీవర్‌గా మారితే మంచిదన్నాడు. జాక్సన్ మారనన్నాడు. పరుగు పోటీలో ఎంత వేగం చూపిస్తే అంతగా రిసీవర్‌ని చేస్తారని 40 గజాల పరుగుకే దిగలేదు. అతనికీ ఏజెంట్ లేడు, వాళ్లమ్మే వ్యవహారాలు చూసుకుంది. బ్రిస్కో షరతు పెట్టిన యాభై ఏళ్లకు ఇదీ సీను. మొదటి రౌండ్‌లో అయిదుగురు క్వార్టర్‌బ్యాక్‌లను ఎంచుకున్నారు. ముందు నలుగురు తెల్లవాళ్లు. జాక్సన్ 32వవాడు, రౌండ్‌లో ఆఖరివాడు. ఆ నలుగురిలో పదో స్థానంలో ఎంపికైన కుర్రాణ్ని అతని జట్టు ఏడాదికే వదిలించుకుంది. జాక్సన్ 2019లో ఏకగ్రీవంగా లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు, 2023లో మళ్లీ అయ్యాడు. నా అంచనా తప్పని పోలియన్ 2019లో ఒప్పుకున్నాడు. అంత మాత్రం చెప్పినవాళ్లు తక్కువ, కాబట్టి ఆయనకు ఆ మార్కు ఇవ్వాలి.

వంకలేనమ్మ డొంక పట్టుకుని వేలాడిందట. 2023లో సి.జె. స్ట్రౌడ్ విషయంలో డొంక ఒక కంప్యూటర్ పరీక్ష. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ల ఆలోచనా వేగాన్ని కొలిచే ఆ పరీక్షలో అతనికి బాగా తక్కువ వచ్చిందన్న వార్త ఎక్కడినుంచో లీకయింది. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ తెలివితేటల మీద వారం పాటు చర్చలు జరిగాయి. హ్యూస్టన్ అతన్ని రెండో స్థానంలో తీసుకుంది. మొదటి సీజన్‌లో 4,108 గజాలు, 23 టచ్‌డౌన్‌లు, ప్రత్యర్థికి చిక్కిన బంతులు అయిదే. తొందరపడి తప్పు నిర్ణయం తీసుకునేవాడికి రాని అంకె ఏదైనా ఉంటే అది ఆ చివరి అయిదే.

మైదానం మధ్యలో ఎవరున్నారన్నది ఆటతో అయిపోదు. రేపు కోచ్‌లయ్యేది ఎక్కువగా అక్కడివాళ్లే. క్వార్టర్‌బ్యాక్‌లకు నేర్పేవాడు ఆఫెన్స్ మొత్తానికి పెద్ద అవుతాడు, అక్కణ్నుంచి హెడ్ కోచ్ అవుతాడు. నిచ్చెన మొదటి మెట్టే లేనివాళ్లకు పై మెట్టు దూరం. సేఫ్టీగా మారిన డంజీ 2007లో కోచ్‌గా సూపర్‌బౌల్ గెలిచాడు, నల్లజాతి హెడ్ కోచ్‌లలో మొదటివాడిగా. లీగ్‌లో ఆటగాళ్లు సగానికి పైగా నల్లజాతివాళ్లే అయినా హెడ్ కోచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2003 నుంచి ఆ ఉద్యోగానికి మైనారిటీ అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసి తీరాలన్న రూనీ రూల్ ఉన్నా పరిస్థితి ఇది.

ఇక ఈ నమ్మకం కాగితం మీద లెక్కగా మారిన ఒక చోటు ఉంది. తలకు దెబ్బలు తగిలి మతిమరుపు వ్యాధుల పాలైన మాజీ ఆటగాళ్లకు పరిహారం ఇవ్వడానికి లీగ్ సుమారు 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఎవరి మెదడు ఎంత దెబ్బతిందో కొలవాలంటే, దెబ్బ తగలకముందు ఎంత ఉండేదో ఊహించుకోవాలి. ఆ ఊహలో నల్లజాతి ఆటగాడి మొదటి స్థాయే తక్కువని వాడుకున్న పద్ధతి లెక్కేసింది. మొదలే తక్కువ కాబట్టి పోయింది తక్కువ, కాబట్టి పరిహారం దక్కడం కష్టం. ఒకే పరీక్షలో ఒకే మార్కులు వచ్చిన ఇద్దరిలో తెల్లజాతి ఆటగాడికి డబ్బు రావచ్చు, నల్లజాతి ఆటగాడికి రాకపోవచ్చు. 2020 ఆగస్టులో కెవిన్ హెన్రీ, నజే డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు మాజీ ఆటగాళ్లు కోర్టుకెళ్లారు. 2021 జూన్‌లో ఈ పద్ధతి మానేస్తామని లీగ్ చెప్పింది. ఆ తర్వాత పాత పరీక్షలకు మళ్లీ మార్కులు వేశారు. అంతకుముందు కాదన్న వందల మంది నల్లజాతి మాజీ ఆటగాళ్లు అర్హులని తేలింది. వాళ్లలో చాలామంది కొత్తగా ఏ పరీక్షా రాయలేదు.